మనిషికి 108 తెలుసు, ఫోన్‌కి 112 తెలుసు

మారేడుమిల్లిలో బొంగు చికెన్ తిని, చేతులు కడుక్కుని జీపెక్కేవాళ్లకు డ్రైవర్ చెప్పే మాట ఒకటుంది. ‘ఫోన్లు చేసుకునేవాళ్లు ఇక్కడే చేసేసుకోండి, అవతల సిగ్నల్ ఉండదు.’ ఆ మాటలో కంగారేమీ వినిపించదు. దారిలో టీ దొరకదు, తాగేసి రండి అన్నట్టే ఉంటుంది. ఎక్కినవాళ్లు ఇంటికి ఫోన్ చేసి ‘చింతూరు చేరాక మళ్లీ చేస్తాం’ అంటారు. కుర్రాళ్లు వాట్సాప్‌లో రెండు ఫొటోలు పెట్టేస్తారు. ఆ తర్వాత సుమారు 40 కిలోమీటర్లు ఘాట్, వెదురు పొదలు, మలుపు మీద మలుపు. జేబులో ఫోన్ ఉంటుంది. టార్చి వెలుగుతుంది, కెమెరా పనిచేస్తుంది, పాటలు వస్తాయి. మాట ఒక్కటే పోదు.

2019 అక్టోబరు 15న ఈ ఘాట్‌లోనే వాల్మీకి కొండ దగ్గర కర్ణాటక పర్యాటకుల టెంపో లోయలో పడింది. కొందరు అక్కడే ప్రాణాలు వదిలారు. దానికి సరిగ్గా నెల ముందు, సెప్టెంబరు 15న, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట బోటు మునిగింది. అందులో 77 మంది ఉన్నారు, 26 మంది బతికారు. వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఏ కంట్రోల్ రూమూ కాదు. జరిగింది చూసి సొంత పడవలు వేసుకుని పరుగెత్తిన తూటుగుంట ఊరివాళ్లు. పాపికొండల మధ్య నది ఇరుకైన చోట సెల్ సిగ్నల్ అందదన్న సంగతి బోటు నడిపేవాళ్లకూ తెలుసు, టికెట్లు అమ్మేవాళ్లకూ తెలుసు, అనుమతులిచ్చేవాళ్లకూ తెలుసు.

ఇలాంటివి జరిగినప్పుడు నాలుగు రోజులపాటు ‘అక్కడ టవర్ ఎందుకు లేదు’ అన్న ప్రశ్న నడుస్తుంది. నిజమే, అడగాల్సిందే. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని ఎవరూ అడగరు. టవర్ ఉన్న చోటైనా, ఆ టవర్ తన కంపెనీది కానప్పుడు, మన మనిషి చేసే అత్యవసర కాల్ వెళ్తోందా? వెళ్లే దారి ఉన్నా ఏ నంబరు నొక్కితే వెళ్తుందో అతనికి ఎవరైనా చెప్పారా?

ఫోన్ తెర పైభాగంలో సిగ్నల్ గీతలు మాయమై, వాటి స్థానంలో ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అన్న మూడు ముక్కలు కనిపించడం అందరికీ అనుభవమే. లిఫ్టులో, సినిమా హాలు సెల్లార్లో, శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక నల్లమలలో. చాలామంది దాన్ని ‘సిగ్నల్ లేదు’ అనే చదువుకుంటారు. నిజానికి ఆ రాత చెప్పేది వేరే సంగతి. ‘నీ కంపెనీ టవర్ నాకు దొరకలేదు, కానీ వేరే కంపెనీ టవర్ ఒకటి వినిపిస్తోంది. ఆపద అయితే దాని ద్వారా పంపుతాను’ అని ఫోన్ అంటోంది. సిగ్నల్ బొత్తిగా లేకపోతే ఫోన్ ‘నో సర్వీస్’ అంటుంది. ఈ రెండు మాటల మధ్య తేడా తెలిస్తే ఘాట్ మీద ఒక ప్రాణం నిలబడే అవకాశం ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో ఏ పాఠ్యపుస్తకమూ, ఏ రీచార్జ్ దుకాణమూ ఈ తేడా చెప్పిన దాఖలా కనబడదు.

లోపల జరిగేది కొంచెం దగ్గరగా చూడాలి. మామూలు నంబరు నొక్కితే ఫోన్ తన సిమ్ కంపెనీ టవర్‌నే అడుగుతుంది. అది దొరక్కపోతే కాల్ అక్కడితో ఆగిపోతుంది. నొక్కిన అంకెలు అత్యవసర నంబరని ఫోన్ గుర్తుపడితే మాత్రం తీరు మారిపోతుంది. అప్పుడు చుట్టుపక్కల ఏ కంపెనీ టవర్ ఉన్నా దాని తలుపు తడుతుంది. మామూలు కాల్స్ కంటే ముందు వరసలో నిలబడుతుంది. జీఎస్ఎం పద్ధతిలో ఈ కాల్ బయల్దేరేటప్పుడు మనం నొక్కిన అంకెలు కూడా టవర్‌కి వెళ్లవు, ‘ఇది ఆపద పిలుపు’ అన్న సంకేతం ఒక్కటే వెళ్తుంది. దాన్ని ఏ కేంద్రానికి పంపాలో నెట్‌వర్కే చూసుకుంటుంది. కాబట్టి అసలు మెలిక ఒకటే: నొక్కిన నంబరు అత్యవసర నంబరని ఫోన్‌కి తెలియాలి.

112 ప్రపంచంలో దాదాపు ప్రతి ఫోన్‌కీ తెలుసు. యూరప్ 1991లో దాన్ని ఉమ్మడి అత్యవసర నంబరుగా ఎంచుకుంది. జీఎస్ఎం ప్రమాణాలు రాసినవాళ్లు దాన్ని ఫోన్ల పుట్టుకలోనే కలిపేశారు. అమెరికా 911 కూడా అంతే. మన 108 సంగతి అలా కాదు. కొత్త టచ్ ఫోన్లలో దేశాలవారీగా అత్యవసర నంబర్ల పట్టిక ఉంటుంది కాబట్టి కొన్ని దాన్ని గుర్తుపడతాయి. బటన్ల ఫోన్ల దగ్గర మాత్రం టెలికాం కంపెనీ సిమ్ కార్డులో రాసి పెట్టిన జాబితా మీద ఆధారపడాలి. జాబితాలో 108 ఉంటే సరే. లేకపోతే ఆ ఫోన్ దృష్టిలో 108 కూడా బావమరిది నంబరు లాంటి మామూలు నంబరే. సొంత టవర్ లేని చోట రెండూ ఒక్కలాగే కలవవు.

చిత్రమేమిటంటే తెలుగువాళ్ల నాలుక మీద ఉన్నది 108. అది అంకె కాదు, పేరు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవ రెండు మూడేళ్లలో ఉమ్మడి రాష్ట్రమంతా పాకింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి సభల్లో ఆ సైరన్ మోతను ‘కుయ్ కుయ్’ అని అనుకరించి జనాన్ని నవ్వించేవారు. చదువు రాని ముసలమ్మ కూడా ‘నూటెనిమిదికి కొట్టండ్రా’ అంటుంది. దేశంలో ఎన్నో రాష్ట్రాలు అంబులెన్సు సేవ అంటే ఏమిటో ఇక్కడికొచ్చి నేర్చుకున్నాయి. ఈ అలవాటు గొప్పదే. గొప్పది కాబట్టే 2019 ఫిబ్రవరిలో రెండు తెలుగు రాష్ట్రాలూ కేంద్రం తెచ్చిన 112 వ్యవస్థలో చేరినా జనం మనసులో ఆ నంబరు పెద్దగా నాటుకోలేదు. పోలీసుకి 100, మంటలకి 101, మనిషికి 108 అన్న లెక్క స్థిరపడిపోయింది. ఊళ్లో, సిగ్నల్ ఉన్న చోట, ఆ లెక్కతో ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది అంతా కొండ మీదే.

నేరం జనానిది కాదు. 112కి ప్రచారం చేసినవాళ్లు దాన్ని ‘అన్నింటికీ ఒకే నంబరు’ అన్నారు. 108 నోటికొచ్చిన మనిషికి ఆ మాటలో కొత్త లాభమేమీ కనిపించలేదు. ‘మీ సిమ్‌కి సిగ్నల్ లేని చోట కూడా ఇది వెళ్లే అవకాశం ఉంది, ముందు దీన్ని ప్రయత్నించండి’ అని ఏజెన్సీ సంతల్లో ఒక్క మాట చెప్పి ఉంటే అడవిలో తిరిగేవాడు మరిచిపోయేవాడు కాదు.

ప్రభుత్వం చెప్పని చోట వాట్సాప్ చెప్పింది, తనకు తోచిన రీతిలో. ‘112 నొక్కితే ఉపగ్రహం ద్వారా వెళ్తుంది, టవర్ అక్కర్లేదు’ అన్న ఫార్వర్డు ఇప్పటికీ తిరుగుతోంది. అది అబద్ధం. మామూలు సెల్‌ఫోన్ చేసే 112 కాల్‌కి ఏదో ఒక కంపెనీ టవర్ కావాల్సిందే. ఏ టవరూ అందని లోయలో 112 కూడా 108 లాగే మౌనం. ఇంతకు ముందు తరంలో దీనికో అన్న ఉండేవాడు. నోకియాలో స్టార్ 3370 హ్యాష్ కొడితే దాచిపెట్టిన బ్యాటరీ బయటికొస్తుందని. ఆ కోడ్ అసలు పని మాట నాణ్యత పెంచడం, దానివల్ల బ్యాటరీ ఇంకాస్త తొందరగా ఖర్చవుతుంది. ఆపదలో బ్యాటరీ అడుగంటినవాడు నమ్మి అదే కొడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ దాటి కాల్ కలిసిందనుకుందాం. రెండో గండం అక్కడ మొదలవుతుంది.

‘ఏ ఊరు బాబూ?’

‘కొత్తూరు దగ్గరండి మేడమ్.’

‘ఏ కొత్తూరు? మండలం చెప్పండి.’

‘మండలం తెలీదండి, మాది విజయవాడ. అరకు పోతా ఉన్నాం. మలుపులో బండి పడిపోయింది.’

‘దగ్గర్లో ఏముంది బాబూ? గుడి, స్కూలు, ఏదైనా…’

‘చెట్లేనండి.’

ఇంతలో లైన్ తెగిపోతుంది. కొత్తూరు, కొత్తపేట, కొత్తవలస అన్న పేర్లు మనకు ఎన్ని ఉన్నాయో రెవెన్యూ వాళ్లకే లెక్క తేలాలి. అడవిలో పడినవాడికి తానెక్కడున్నాడో తెలియదు, తెలిసినా చెప్పే గుర్తు ఉండదు. అవతల ఫోనెత్తిన అమ్మాయి తెర మీద టవర్ ఎక్కడుందో కనిపించినా, కొండల్లో ఒక టవర్ మాట ఎన్నో కిలోమీటర్లు పోతుంది. దానికి ఏ వైపు వెతకాలన్నది మిగిలే ఉంటుంది.

దీనికి మందు ఎప్పుడో తయారైంది. అత్యవసర నంబరు నొక్కగానే ఫోన్ తనంతట తానే జీపీఎస్ ఆన్ చేసుకుని, ఉన్న చోటు కొలుచుకుని, ఆ వివరాన్ని కేంద్రానికి పంపే పద్ధతి 2014లో బ్రిటన్‌లో మొదలైంది. 2016 నుంచి ఆండ్రాయిడ్ ఫోన్లలో, 2018 నుంచి ఐఫోన్లలో అది ఉంది. అంటే మన చేతిలో ఉన్న ఫోన్లలో అత్యధికం ఈ పని చేయగలవు. కావాల్సిందల్లా ఇవతల అందుకునే ఏర్పాటు. మన దేశంలో దాన్ని ముందుగా అందిపుచ్చుకున్నది ఉత్తరప్రదేశ్, అదీ 2025 డిసెంబరులో. దేశానికి అంబులెన్సు నేర్పామని చెప్పుకునే తెలుగు రాష్ట్రాలు ఈ ఒక్క పనిలో లక్నో వెనక నిలబడటం ఏం బాగుంది?

ఇక టవర్ల సంగతి. ఏమీ జరగలేదనడం అన్యాయం. 2021 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఐదు రాష్ట్రాల్లోని వెనుకబడిన 44 జిల్లాల్లో సిగ్నల్ లేని 7,287 ఊళ్లకు 4జీ ఇవ్వాలని 6,466 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ ఐదు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022 జూలైలో 24,680 ఊళ్లకు మరో 26,316 కోట్లు. 2023 జూన్‌లో ఆంధ్రలో ఒకేసారి 100 జియో టవర్లు మొదలైతే వాటిలో 85 ఒక్క అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివే. పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో ఫోన్ కోసం చింతచెట్టు ఎక్కే రోజులు చాలా ఊళ్లలో పోయాయి. ఇంకా పోని ఊళ్లలో మాత్రం సిగ్నల్ తగిలే బండరాయి ఏదో, చెట్టుకొమ్మ ఏదో ఊరందరికీ తెలుసు. అక్కడ పాలిథిన్ కవరులో ఫోన్ పెట్టి కొమ్మకు వేలాడదీస్తారు. మోగితే పరుగెత్తుకొచ్చి, స్పీకర్ ఆన్ చేసి, కవరులోంచే మాట్లాడతారు. చేతిలోకి తీస్తే కట్ అయిపోతుందని భయం.

అయినా ఈ లెక్కలన్నీ ఊళ్ల లెక్కలు. ఒక ఊరికి సిగ్నల్ వచ్చిందంటే ప్రభుత్వం దాన్ని పట్టికలోంచి కొట్టేస్తుంది. ఆ ఊరి నుంచి ఆస్పత్రికి పోయే దారి పట్టికలో ఎప్పుడూ లేదు. మనుషులు ఊళ్లో కూర్చుని ప్రమాదానికి గురి కారు. బండి బోల్తా పడేది దారిలో, పాము కరిచేది కొండపోడులో, నొప్పులొచ్చేది డోలీ సగం దారిలో ఉన్నప్పుడు. 2026 జనవరిలో జాతీయ రహదారుల సంస్థ చేసిన లెక్క ఈ సంగతినే బయటపెట్టింది. దేశంలో జాతీయ రహదారుల మీదే 424 చోట్ల, మొత్తం 1,750 కిలోమీటర్ల మేర, నెట్‌వర్క్ సరిగా లేదట. టోలు కట్టే రోడ్లకే ఈ గతి పడితే ఏజెన్సీలో పంచాయతీ రోడ్ల గురించి ఎవరు లెక్క వేస్తారు? కవరేజి మ్యాపులు జనానికి చూపించాలని 2024లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టాక కంపెనీలు వాటిని వెబ్‌సైట్లలో పెట్టాయి. రంగులు బాగున్నాయి. ఆ రంగుని చేతిలో పట్టుకుని ఘాట్ మీద బండి నడుపుతూ సరిచూసేవాడు కావాలి.

డబ్బు ఎవరిదన్నది కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. మారుమూల టవర్ల ఖర్చు డిజిటల్ భారత్ నిధి నుంచి వస్తుంది. టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం చొప్పున తీసే నిధి అది. అంటే మనం కట్టిన రీచార్జుల్లోంచి. ఆ సొమ్ముతో అడవిలో ఒక టవర్ లేచినా, చాలా ఏళ్లు దాన్ని నడిపిన కంపెనీ సిమ్ ఉన్నవాళ్లకే అది పలికింది. పక్కింటివాడి సిమ్ వేరేది అయితే ఆ టవర్ కిందే నిలబడి ఆకాశం చూడాల్సి వచ్చేది. 2025 జనవరిలో కేంద్రం ఈ పద్ధతి మార్చింది. ఆ నిధితో కట్టిన సుమారు 27,000 టవర్లలో బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో చందాదారులు ఎవరైనా ఏ టవర్‌నైనా వాడుకోవచ్చని, 35,000 పైచిలుకు ఊళ్లకు ఇది మేలని చెప్పింది. మంచి నిర్ణయమే. ఆలస్యంగా వచ్చిందని సణగడం కంటే, అది మారేడుమిల్లి ఘాట్‌లో, మన్ననూరు అడవిలో నిజంగా అమలవుతోందా అని మూడు సిమ్‌లు పట్టుకెళ్లి చూసొచ్చే అధికారి ఉంటే మేలు.

ఆపద పిలుపు విషయంలో అంతకంటే గట్టి నియమం ఉండాలి. నిధి టవరా, సొంత టవరా అన్న తేడా లేకుండా ప్రతి టవరూ ప్రతి ఫోన్ నుంచి అత్యవసర కాల్ తీసుకుని తీరాలి. ప్రమాణం ఒప్పుకుంటుంది కదా అని వదిలేస్తే చాలదు, పరీక్షించాలి. బ్రిటన్ లాంటి దేశంలో కూడా 2009 దాకా ఒక కంపెనీ టవర్ ఇంకో కంపెనీ చందాదారు 999 కాల్‌ని తీసుకునేది కాదు. పరికరాలకు ఆ శక్తి ముందునుంచీ ఉంది, ఒప్పందం లేదు. ఒప్పందం కుదిరాక పల్లెల్లో, కొండల్లో తేడా వచ్చింది. రీచార్జ్ అయిపోయి అవుట్‌గోయింగ్ ఆగిన సిమ్ నుంచి కూడా 112 వెళ్లాలని ట్రాయ్ 2015లోనే సిఫార్సు చేసింది. ఏజెన్సీలో ఈ సంగతి తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బ్యాలెన్స్ లేదని ఫోన్ చేయకుండా ఊరుకునేవాళ్లే ఎక్కువ.

పరీక్షించకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా చూపించింది. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి, 2023 నవంబరు 8 వాళ్లకూ గుర్తుండే రోజు. ఆప్టస్ అనే పెద్ద కంపెనీ నెట్‌వర్క్ దేశమంతటా పగలంతా పడిపోయింది. చందాదారుల్లో 2,145 మంది అత్యవసర నంబరు 000కి చేసిన కాల్స్ వెళ్లలేదు. వేరే కంపెనీల టవర్లు పక్కనే నిక్షేపంగా పనిచేస్తున్నాయి. అయినా ఎందుకు వెళ్లలేదంటే, ఆప్టస్ లోపలి వ్యవస్థ చచ్చినా కొన్ని 3జీ టవర్లు మాత్రం సిగ్నల్ ఇస్తూనే ఉన్నాయి. ఫోన్‌కి తన ఇల్లు కనిపిస్తోంది, ఇంట్లో మనిషి లేడని తెలియదు. అందుకే పక్కింటి తలుపు తట్టలేదు. ఆ కంపెనీకి 1.2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. రెండేళ్లు తిరగకుండానే 2025 సెప్టెంబరులో అదే కంపెనీలో మళ్లీ 000 కాల్స్ తెగిపోయి, కొన్ని మరణాలకూ దానికీ ముడిపడింది. నాలుగు గీతలు నిండుగా కనిపిస్తున్నా కాల్ వెళ్లని స్థితి ‘నో సర్వీస్’ కంటే ప్రమాదకరం. ఏజెన్సీలో ఇది మరో రూపంలో నిత్యం కనిపిస్తుంది. వెనక కేబులు తెగిన టవర్ గీతలు చూపిస్తూనే ఉంటుంది, మాట పోదు. అలాంటప్పుడు సెట్టింగ్స్‌లో వేరే నెట్‌వర్క్ ఎంచుకుని 112 ప్రయత్నించాలని తెలిసినవాడు ఎవడు?

కరెంటు గురించి ఎవరూ మాట్లాడరు. కొండ మీద టవర్ కరెంటుతో బతుకుతుంది. గాలివానకు లైను తెగితే బ్యాటరీ కొన్ని గంటలు మోస్తుంది, తర్వాత డీజిల్ ఉండాలి, డీజిల్ మోసుకెళ్లడానికి దారి ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు నగరం నడిబొడ్డునే ఫోన్లు మూగబోయాయి. పట్నానికే అలా అయితే మన్యంలో ఎన్నాళ్లకి పలికాయో ఊహించుకోవచ్చు. అంబులెన్సు ఎక్కువగా అవసరమయ్యే రాత్రే టవర్ పడుకుంటుందన్నమాట.

కాల్ వెళ్లని చోట ఒక్కోసారి ఎస్సెమ్మెస్ వెళ్తుంది. మాటకు దారి కొన్ని నిమిషాలు తెరిచి ఉండాలి, పొట్టి సందేశానికి రెండు క్షణాలు చాలు. ఫోన్ దాన్ని దాచిపెట్టుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నించగలదు. 2006 నవంబరులో అమెరికాలోని ఒరెగాన్ మంచు కొండల్లో జేమ్స్ కిమ్ అనే పాత్రికేయుడి కుటుంబం కారుతో సహా చిక్కుకుపోయింది. కాల్ చేసే వీలు లేదు. కానీ ఒక రాత్రి వాళ్ల ఫోన్ ఎక్కడో దూరంగా ఉన్న టవర్‌తో ఒక్క క్షణం కలిసి సందేశాలు అందుకుంది. ఆ జాడని టెలికాం ఇంజనీర్లు ఇద్దరు రికార్డుల్లో పట్టుకుని, వెతకాల్సిన దారిని చూపించారు. భార్య, ఇద్దరు పసిపిల్లలు బతికారు. సాయం కోసం నడుచుకుంటూ వెళ్లిన కిమ్ మాత్రం మంచులో చనిపోయాడు. ఆ కథని మన ఘాట్లకు అన్వయిస్తే తేలేది రెండు ముక్కలు. ఒకటి, ఫోన్ ఆపేయకుండా సందేశం పంపి ఉంచాలి, దాంట్లో ఉన్న చోటు రాయాలి, అది ఇంట్లో ఎవరికైనా వెళ్లాలి, వాళ్లు 108కి చెబుతారు. రెండు, బండిని వదిలి అడవిలోకి నడవకూడదు. అయితే ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని ఉన్నప్పుడు ఎస్సెమ్మెస్ పోదు, అప్పుడు 112 కాల్ ఒక్కటే దారి. ఫోన్ లాక్ పడి ఉన్నా తెర అడుగున ‘ఎమర్జెన్సీ’ అన్న మాట నొక్కి ఆ కాల్ చేయొచ్చు. స్పృహ తప్పినవాడి ఫోన్ చేతిలో పెట్టుకుని పాస్‌వర్డ్ తెలియక తల పట్టుకునేవాళ్లకి ఇది తెలిసి తీరాలి. అమ్మే ప్రతి ఫోన్‌లో ఆపద బటన్ ఉండాలని 2017 జనవరి 1 నుంచి కేంద్రం నియమం పెట్టింది. బటన్ల ఫోన్ అయితే 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి, టచ్ ఫోన్ అయితే పవర్ బటన్ మూడుసార్లు నొక్కాలి. ఫోన్ కొన్నప్పుడు కవరు, టెంపర్డ్ గ్లాసు, ఇయర్‌ఫోన్లు అంటగట్టే దుకాణంలో ఈ ముక్క చెప్పినవాడు కనిపించలేదు.

ఫోన్ మీద నమ్మకం లేకపోతే మన్యం వేరే దారులు వెతుక్కుంటుంది. 2018లో పార్వతీపురం ఐటీడీఏ సాలూరులో కొండ మీద ఊళ్ల గర్భిణుల కోసం వసతి గృహం తెరిచింది. నెలలు నిండకముందే వాళ్లను దింపి, కాన్పు దాకా అక్కడే ఉంచుకుంటారు. అది మంచి పని, ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. కానీ లోతుగా చూస్తే అది ఒక ఒప్పుకోలు కూడా. రాత్రి నొప్పులొస్తే ఫోన్ కలవదు, కలిసినా బండి ఎక్కలేదు, కాబట్టి మనిషినే ముందుగా కిందికి తెచ్చేద్దాం అని. పాము కాటుకీ, బండి బోల్తాకీ అలా ముందు తేదీ తెలియదు కదా.

ఉపగ్రహం ఫోన్లు వస్తున్నాయి, టవర్ల గొడవ ఇక తీరిపోతుందని కొందరి ధీమా. ఐఫోన్‌లో 2022 నుంచి కొన్ని దేశాల్లో ఆ సౌకర్యం ఉంది, మన దేశంలో లేదు. ఇక్కడ శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకుంటేనే కేసు. ఎప్పుడో ఒకప్పుడు అనుమతులు వస్తాయి, లక్ష రూపాయల ఫోన్లలో ముందు వస్తాయి. కొండపోడు చేసే రైతు చేతి బటన్ల ఫోన్‌కి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో, అప్పటిదాకా ఆగమనడం న్యాయం కాదు.

ఆగక్కర్లేదు కూడా. సిమ్ కార్డు జాబితాలో 108ని అత్యవసర నంబరుగా రాయించడం ఒక ఉత్తర్వుతో అయ్యే పని, పాత సిమ్‌లకు కంపెనీలు గాలిలోంచే ఆ మార్పు పంపగలవు. ఫోన్ పంపే చోటు వివరాన్ని 112 కేంద్రంలో అందుకునే ఏర్పాటుకి కొండలు తవ్వక్కర్లేదు. మలుపుల పేర్లు, కిలోమీటరు రాళ్లు కాల్ సెంటర్ తెర మీద మ్యాపులో ఎక్కించడం రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు ఒకరు జీపులో తిరిగి రెండు వారాల్లో చేయగలిగిన పని.

ఇంకొకటి మరీ చౌక. ఘాట్ మొదట్లో ఆర్ అండ్ బీ వాళ్ల బోర్డు ఉంటుంది, ‘ప్రమాదకరమైన మలుపులు, నెమ్మదిగా వెళ్లండి’ అని. పక్కనే అటవీ శాఖ బోర్డు, ‘వన్యప్రాణులు దాటు చోటు’ అని. ఆ రెంటి మధ్య మూడో బోర్డు ఒకటి నాటడానికి జాగా ఉంది. ‘ఇక్కడితో సిగ్నల్ ఆఖరు. మళ్లీ ఫలానా కిలోమీటరు రాయి దగ్గర. మధ్యలో ఆపద వస్తే 112 నొక్కండి, దగ్గర్లోని రాయి మీది అంకె చెప్పండి’ అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో, రాత్రి హెడ్‌లైటు పడితే మెరిసే రంగుతో. ఇప్పటికి ఆ పని జీపు డ్రైవరే చేస్తున్నాడు, తన ప్యాసింజర్లకి మాత్రమే, సగం మాట.